మొలలని మేమే తేల్చేశాం



పొదుపు, అప్పుల లెక్కలు రిపోర్టులో ఉన్నాయి. మేము వేరే సంగతి చెప్పాలని వచ్చాం. మా సంఘంలో ఒక అక్క ఉంది. పేరు చెప్పొద్దంది, సంగతి మాత్రం అందరికీ చెప్పమంది.

దొడ్డికి పోయినప్పుడు అక్కకి రక్తం పడేది. మేమంతా "మొలలే, వేడి చేసింది, మజ్జిగ తాగు" అన్నాం. ఆపరేషన్ లేకుండా మొలలు నయం అనే బోర్డు చూసి, బర్రె కోసం తీసుకున్న అప్పులో సగం అక్కడే పెట్టేసింది. ఎనిమిది నెలలు పోయాయి. గడ్డ చేతికి తగిలాక పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరమ్మ గ్లౌజు వేసుకుని వేలితో చూసింది. రెండు నిమిషాల పని. ముక్క తీసి పరీక్షకు పంపితే మలద్వారం క్యాన్సర్ అని వచ్చింది.

ఇది అరుదైన క్యాన్సరే. రక్తం పడ్డ అందరికీ ఇదే అని భయపడొద్దు, ఎక్కువమందికి మొలలో చీలికో ఉంటుంది. కానీ తేల్చాల్సింది డాక్టరు, మనం కాదు. నూటికి 90 వరకు ఇది హెచ్‌పీవీ వైరస్ వల్ల వస్తుంది. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌కీ అదే కారణం. ఆ చోట చర్మానికి చర్మం తగిలినా అంటుకుంటుంది కాబట్టి ఎవరి నడవడికనూ అనే పని లేదు. ఆ మాట పడాల్సి వస్తుందనే అక్క దాచుకుంది.

హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి, గర్భసంచి ముఖద్వారంలో క్యాన్సరో, దాని ముందు మార్పులో వచ్చినవాళ్లకి, కిడ్నీ మార్పిడి అయినవాళ్లకి, పొగ తాగేవాళ్లకి ముప్పు ఎక్కువ. ఏ బాధా లేనివాళ్లందరికీ దీని పరీక్ష అక్కర్లేదు. హెచ్‌ఐవీ ఉండి 45 దాటిన ఆడవాళ్లు మాత్రం ఏఆర్‌టీ సెంటర్‌లో అడగాలి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో ముందు మార్పులు కనిపెట్టి వైద్యం చేస్తే ఈ క్యాన్సర్ సగానికి పైగా తగ్గిందని 2022లో అమెరికా పరిశోధనలో తేలింది.

అక్కకి కరెంటు పెట్టారు, మందులు ఎక్కించారు. ఆపరేషన్ పడలేదు. ఇప్పుడు మీటింగుకు వచ్చి సంతకం పెడుతోంది. కానీ ఆ ఎనిమిది నెలలు మా తప్పే.

అందుకే తీర్మానం రాసుకున్నాం. రక్తం, నొప్పి, గడ్డ, తగ్గని దురద, ఏది ఉన్నా ఇద్దరం తోడెళ్లి పీహెచ్‌సీలో చూపిస్తాం. దారి ఖర్చు సంఘం నిధి నుంచి ఇస్తాం. 30 దాటిన ప్రతి సభ్యురాలికీ గర్భసంచి ముఖద్వారం పరీక్ష చేయిస్తాం. మీ సంఘాల్లో కూడా రాసుకోండి అక్కా.