రావి కొండలరావు

కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి జాతరవంటి చోట నాటకము చూచి వచ్చినవారు మరునాడు నవ్వుచు తలచుకొనునది రాజును కాదు, హాస్యగానిని. పేరడిగినచో మాత్రము రాజువేషధారి పేరే చెప్పుదురు.

రావి కొండలరావుగారి విషయమునను ఈ అన్యాయము కొంత జరిగినది. 1932లో సామర్లకోటలో జన్మించి శ్రీకాకుళములో పెరిగిన ఈయన మద్రాసు చేరి, 1958లో ‘శోభ’ చిత్రముతో తెరమీద కనిపించిరి. నడివయస్సు రాకమునుపే ముసలి వేషములు మీదబడినవి. తలకు తెల్లరంగు పూయుట ఎంతసేపు? నడకలో, మాటవిరుపులో వయస్సును చూపుట కష్టము. ఆ కష్టమును ఆయన మనకు తెలియనీయలేదు. సతీమణి రాధాకుమారిగారు విజయనగరమువారు. ఇంటిలోని దంపతులే తెరమీదను దంపతులైరి.

‘కుక్కపిల్ల దొరికింది’, ‘నాలుగిళ్ళ చావిడి’ వంటి రచనలు చేసిరి. ‘విజయచిత్ర’ పత్రిక సంపాదకవర్గమున పెక్కేండ్లు పనిచేసిరి. నటుడు తోటినటులను గూర్చి వ్రాయుట కత్తిమీద సాము గదా! పొగడిన ముఖస్తుతి యందురు, తెగడిన అసూయ యందురు.

‘మిస్సమ్మ’లో పెండ్లికానివారు ఉద్యోగముకొరకు దంపతులుగా నటింతురు. దంపతులే అవివాహితులుగా నటించిన నేమగును? ఈ తలక్రిందుల ఊహతోనే ఆయన 1991లో బాపుగారి ‘పెళ్ళి పుస్తకం’నకు కథ నిచ్చిరి. నంది బహుమతి లభించినది. వేషము లేకయే నవ్వింపగల హాస్యమది.

2012లో రాధాకుమారిగారు, 2020 జులై 28న ఆయనయు కన్నుమూసిరి. ‘పెళ్ళి పుస్తకం’ చూచి నేటికిని నవ్వుకొనువారిలో ఆ కథ ఎవరిదో ఎరిగినవారు కొలదిమందియే.