పిల్లలున్న ఇంటికి పాత కారు



ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈ రోజుల్లో ఆ రెండింటి పక్కన "పాత కారు కొని చూడు" అని కూడా చేర్చుకోవచ్చేమో! చీర కొనేటప్పుడు కొంగూ అంచూ తిరగేసి చూస్తాం. వంకాయలు కొనేటప్పుడు పుచ్చులున్నాయేమోనని ఒక్కొక్కటే ఏరుకుంటాం. అంత జాగ్రత్తగల వాళ్ళం, లక్షలు పోసి బండి కొనే దగ్గరకు వచ్చేసరికి మాత్రం "అదంతా మగవాళ్ళ సంగతి, నాకేం తెలుస్తుంది?" అని లోపలికి వెళ్ళిపోతాం. కాని ఆ కారు వెనక సీట్లో చంటివాణ్ణి ఒళ్ళో పెట్టుకుని, పెద్దదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, సంచులు కాళ్ళ దగ్గర సర్దుకుని ప్రయాణం చేసేది ఎవరు? చాలా ఇళ్ళలో మనమే కదా! అందుకే కారు ఎంపికలో మన మాట ముందు ఉండాలని నా మనవి.

పిల్లలు పుట్టాక స్కూటరు మీద నలుగురం వెళ్ళడం ప్రమాదం అని తెలిసి, కొత్త కారుకు డబ్బు చాలక, పాతది చూసుకునే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. ఇందులో చిన్నతనమేమీ లేదు. బాగా చూసుకున్న నాలుగైదేళ్ళ బండి ఇంకా చాలా ఏళ్ళు నమ్మకంగా నడుస్తుంది. అయితే ఎలా చూడాలన్నదే ప్రశ్న. మగవాళ్ళు సాధారణంగా ముందు తలుపు తీసి, స్టీరింగు పట్టుకుని చూస్తారు. మీరు వెనక తలుపు తీసి చూడండి. పిల్లలు కూర్చునే చోటునుంచి చూస్తే చాలా సంగతులు బయటపడతాయి.

మొదట విశాలం సంగతి. "ఏడుగురు పడతారండీ" అని అమ్మేవాడు అంటాడు. పడతారు, నిజమే. ఎలా పడతారన్నది చూడాలి. మారుతీ ఎర్టిగా 2012 లోనూ, టొయోటా ఇన్నోవా 2005 లోనూ మన దేశానికి వచ్చాయి. పాత బండ్లలో ఏడుగురి కుటుంబాలు ఎక్కువగా అడిగేవి ఈ రెండే. వీటిలో మూడో వరుసకు వెళ్ళాలంటే సాధారణంగా నడిమి సీటును జరపాలి, లేదా మడవాలి. ఆ నడిమి సీటు మీద చంటిబిడ్డ సీటు బిగించి ఉంటే దాన్ని మడవడం కుదరదు. అప్పుడు అత్తగారు వెనక్కి ఎలా వెళతారు? కొన్ని రకాల ఇన్నోవాలలో నడిమి వరుసలో రెండు విడి సీట్లుంటాయి, వాటి మధ్యనుంచి వెనక్కి వెళ్ళే దారి ఉంటుంది. ఈ తేడా ప్రకటనల్లో కనిపించదు. ఇంటిల్లిపాదినీ తీసుకువెళ్ళి ఎక్కించి, దింపి చూస్తేనే తెలుస్తుంది.

ఇంకొకటి. మూడు వరుసలూ నిండితే సామానుకు చోటు మిగలదు. ఎర్టిగాలో అన్ని సీట్లూ వేసి ఉంచితే డిక్కీలో సుమారు 200 లీటర్ల చోటే ఉంటుంది. అంటే రెండు చిన్న సూట్‌కేసులు, ఒక సంచి. సంక్రాంతికి ఊరు వెళ్ళేటప్పుడు పిల్లల బట్టలు, పాలపొడి డబ్బా, మడత ఉయ్యాల, తిరిగి వచ్చేటప్పుడు అమ్మ కట్టి ఇచ్చిన బియ్యం, ఆవకాయ జాడీ ఇవన్నీ ఎక్కడ పెడతాం? మీ ఇంట్లో ఎప్పుడూ ఉండేది అయిదుగురే అయితే, పెద్ద డిక్కీ గల అయిదు సీట్ల బండే మీకు ఎక్కువ విశాలం. గ్యాసు బండి కొనేవారు ముందు డిక్కీ తెరిచి చూడాలి. సి.ఎన్.జి. సిలిండరు అందులోనే కూర్చుని ఉండవచ్చు. ఆ గ్యాసు అమరిక ఆర్.సి. లో నమోదై ఉందో లేదో, మూడేళ్ళకోసారి చేయించవలసిన సిలిండరు పరీక్ష జరిగిందో లేదో కూడా అడగాలి.

మన అపార్ట్‌మెంట్ల పార్కింగు సంగతి కూడా మరువకండి. ఎర్టిగా పొడవు 4 మీటర్ల 40 సెంటీమీటర్లకు దగ్గర. ఇన్నోవా క్రిస్టా 4 మీటర్ల 70 దాటుతుంది. టేపు తీసుకుని మీ స్తంభాల మధ్య చోటు కొలవండి. పొడవు సరిపోయినా, పక్క బండి ఉండగా తలుపు పూర్తిగా తెరుచుకోకపోతే చంటిబిడ్డను దింపడం రోజూ ఒక యాతనే.

మధ్యాహ్నం ఎండలో పది నిమిషాలు బండి నడిపించి, మీరు చిట్టచివరి వరుసలో కూర్చోండి. ఎ.సి. గాలి అక్కడిదాకా వస్తోందా? ముందు కూర్చున్నవారికి చలి, వెనక పిల్లలకు ఉక్క అయితే ప్రయాణమంతా ఏడుపులే.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. తల్లి ఒడిని మించిన చోటు లేదని మనం నమ్ముతాం. ఇంట్లో అది నిజమే. కదిలే కారులో మాత్రం నిజం కాదు, సోదరీమణులారా! గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళుతున్న కారు దేనికైనా గుద్దుకుని రెప్పపాటులో ఆగిపోయిందనుకోండి. ఒళ్ళో ఉన్న పది కిలోల బిడ్డ ఆ క్షణంలో వంద కిలోల పైచిలుకు బరువై ముందుకు దూసుకుపోతుంది. పాతిక కిలోల బియ్యం బస్తాలు నాలుగైదు ఒక్కసారి చేతుల్లోంచి లాగినట్టు. ఏ తల్లి చేతులూ ఆ బరువును ఆపలేవు. అందులో ప్రేమ లోపమేమీ లేదు, చేతులకు అంత శక్తి లేదంతే. ముందు సీట్లో ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం మరీ అపాయం. ఎయిర్‌బ్యాగు పెద్దవాళ్ళ ఛాతీని కాపాడడానికి పెట్టింది. అది విచ్చుకునే దెబ్బ బిడ్డ ముఖానికో మెడకో తగులుతుంది. వెనక్కి తిరిగి ఉండే చంటిపిల్లల సీటును, ఎయిర్‌బ్యాగు పనిచేస్తున్న ముందు సీట్లో ఎన్నడూ పెట్టకూడదు.

కాబట్టి పిల్లల సీటు కొనే డబ్బును కారు ధరలో భాగంగానే లెక్కవేసుకోండి. ఏడాది దాటి కొన్ని నెలల వరకూ, వీలైతే ఇంకా ఎక్కువ కాలం, బిడ్డ వెనక్కి తిరిగి కూర్చునే సీటు మంచిది. తరువాత ముందుకు తిరిగే సీటు, ఆపైన ఎత్తు పీట లాంటి బూస్టరు. బెల్టు పొట్ట మీదా మెడ మీదా కాక, తుంటి మీదా భుజం మీదా సరిగ్గా ఆనేదాకా, అంటే పిల్లలు సుమారు నాలుగున్నర అడుగుల ఎత్తు వచ్చేదాకా, బూస్టరు అవసరమే. చట్టం కూడా ఈ మాటే చెబుతోంది. 2019 లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, 14 ఏళ్ళ లోపు పిల్లలకు బెల్టు గాని పిల్లల సీటు గాని లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా.

కారు చూసేటప్పుడు నడిమి సీటు మడతలో చెయ్యి పెట్టి తడమండి. వీపు ఆనే చోటుకూ కూర్చునే చోటుకూ మధ్య రెండు ఇనుప కడ్డీలు తగిలితే, అవి పిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు. అవి లేని బండిలో బెల్టుతోనే బిగించే సీటు తీసుకోవచ్చు. బెల్టులు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. ముగ్గురు పిల్లలుంటే మూడు మంచి బెల్టులుండాలి. ఒక్కొక్క బెల్టునూ చటుక్కున లాగి చూడండి, పట్టుకుని ఆగాలి. పాత సుమో, బొలేరో వంటి కొన్ని బండ్లలో వెనక ఎదురెదురుగా ఉండే పక్క సీట్లుంటాయి. పిల్లలకు అవి సరదా గాని, క్షేమం కావు. ఏడు సీట్ల బండ్లలో చివరి వరుసకు, వెనక తలుపుకు మధ్య దూరం తక్కువ కనుక చిన్నపిల్లలను నడిమి వరుసలోనే ఉంచడం మేలు. వెనక తలుపులకు పిల్లల తాళం పనిచేస్తోందో లేదో మీరు లోపల కూర్చుని స్వయంగా చూడండి.

ఏ సంవత్సరం బండి చూడాలి? మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి ఎ.బి.ఎస్. బ్రేకులు, ఆ ఏడాది జూలై నుంచి డ్రైవరు ఎయిర్‌బ్యాగు, వెనక్కి తీసేటప్పుడు హెచ్చరించే సెన్సారు కొత్త కార్లకు తప్పనిసరి అయ్యాయి. కనుక డబ్బు కాస్త అటూ ఇటూ అయినా, 2019 తరువాతి బండి దొరికితే పిల్లలున్న ఇంటికి శ్రేయస్కరం. అంతకు ముందు బండి అయితే ఇవి ఉన్నాయో లేదో విడిగా అడిగి తెలుసుకోవాలి. సెన్సారు ఉంది కదా అని ధీమా పడకండి సుమా! బండి వెనక్కి తీసే ప్రతిసారీ చిన్నపిల్లల చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడాలి.

నక్షత్రాల గుర్తింపు గురించి మీరు వినే ఉంటారు. గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2014 నుంచి మన కార్లను గుద్ది పరీక్షించింది. 2023 అక్టోబరులో భారత్ ఎన్‌క్యాప్ మొదలయింది. ఈ పరీక్షల్లో పెద్దలకూ పిల్లలకూ వేరు వేరుగా నక్షత్రాలిస్తారు. 2018 లో మహీంద్రా మరాజో బండికి పెద్దల భద్రతలో నాలుగు నక్షత్రాలు వస్తే, పిల్లల భద్రతలో రెండే వచ్చాయి. అందుచేత "నాలుగు నక్షత్రాల బండి" అనగానే సరిపెట్టుకోక, పిల్లలకెన్ని అని అడగండి.

ఇప్పుడు నమ్మకం సంగతి. వరద నీళ్ళలో మునిగిన బండ్లు తరువాత కడిగి, తుడిచి బజారుకు వస్తుంటాయి. 2020 అక్టోబరులో హైదరాబాదు, 2023 డిసెంబరులో చెన్నై, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునగడం మనం చూశాం. మునిగిన బండిలో వైర్లూ కంప్యూటరు పెట్టెలూ ఎప్పుడు మొరాయిస్తాయో చెప్పలేం. రాత్రివేళ పిల్లలతో దారిలో ఆగిపోతే ఆ బాధ చెప్పనలవి కాదు. దీన్ని కనిపెట్టడం ఇల్లాలికి కష్టం కాదు. తలుపు తియ్యగానే ముక్క వాసన వస్తుందా? లేక అత్తరు ఘాటుగా కొట్టి ఉంచారా? కాళ్ళ దగ్గర పట్టా ఎత్తి చూడండి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, బురద చార కనిపించవచ్చు. స్టెప్నీ గుంటలో ఒండ్రు, సీటు కింది పట్టాలకు తుప్పు, లైట్ల అద్దాల్లో చెమ్మ ఉంటే మరో బండి చూసుకోవడమే.

గుద్దుకున్న బండిని కనిపెట్టడానికి మన ఫ్రిజ్ మీది అయస్కాంతం చాలు. దానికి పలచటి గుడ్డ చుట్టి తలుపుల మీదా రెక్కల మీదా ఆనించండి. రేకు ఉన్న చోట అంటుకుంటుంది, మందంగా లప్పం పూసిన చోట జారిపోతుంది. ప్లాస్టిక్ బంపరుకు ఎలాగూ అంటుకోదు, దానికి కంగారు పడకండి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగు గుర్తు వెలిగి, కొద్ది క్షణాల్లో ఆరిపోవాలి. ఆరకపోయినా తప్పే, అసలు వెలగకపోయినా తప్పే. ఒకసారి విచ్చుకున్న బ్యాగును మళ్ళీ పెట్టించక, దీపం పీకేసిన బండి కావచ్చు.

కిలోమీటర్ల మీటరును పూర్తిగా నమ్మవద్దు. మీటరు 40 వేలు చూపిస్తూ, పెడల్ రబ్బర్లు నున్నగా అరిగిపోయి, స్టీరింగు జిడ్డుతేలి ఉంటే ఏదో ఉంది. టాక్సీగా తిరిగి, పసుపు ప్లేటు మార్చి తెల్ల ప్లేటు వేసుకున్న బండ్లూ ఉంటాయి. కంపెనీ సర్వీసు చరిత్ర అడగండి. టైరు పక్కన ఉండే నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2321 అంటే 2021 లో ఇరవైమూడో వారం. ఇంజను చల్లగా ఉండగా, తెల్లవారే వెళ్ళి స్టార్టు చేయించండి. నీలం పొగ వస్తే ఆయిలు కాలుతోందన్నమాట. చివరగా అమ్మేవారి మనిషి కాని మెకానిక్కుకు చూపించి, అతని కూలి సంతోషంగా ఇవ్వండి. ఆ డబ్బు వృథా పోదు.

కాగితాల విషయం క్లుప్తంగా చెబుతాను. రవాణా శాఖ వెబ్‌సైటులో బండి వివరాలు, పోలీసు సైటులో బకాయి చలానాలు చూసుకోండి. అప్పు మీద కొన్న బండి అయితే బ్యాంకు ఇచ్చే నో అబ్జెక్షన్ పత్రం, ఫారం 35 ఉండాలి. పేరు మార్పిడికి 29, 30 ఫారాలు. కొన్నవారు 30 రోజుల్లో దరఖాస్తు చేసుకోవాలి. బీమా కూడా 14 రోజుల్లోగా మీ పేరున మార్పించుకోవాలి. లేకపోతే మీ బండికి దెబ్బ తగిలినప్పుడు పరిహారం దగ్గర చిక్కులు వస్తాయి. ఇతర రాష్ట్రం బండి చవగ్గా వస్తోందంటే, అక్కడి ఆర్.టి.ఓ. ఇచ్చే ఫారం 28, ఇక్కడ కట్టవలసిన జీవితకాలపు పన్ను కలిపి లెక్క వేసుకున్నాకే చవకో కాదో తేల్చండి.

చేతిలో ఉన్న డబ్బంతా బండికే పోయకండి. పదోవంతు పక్కన పెడితే టైర్లకో, బ్యాటరీకో, పిల్లల సీటుకో పనికివస్తుంది. రంగు, పాటల పెట్టె, తళతళలాడే చక్రాలు చూసి మోజుపడే వాళ్ళు ఇంట్లో ఎలాగూ ఒకరుంటారు! మీరు మాత్రం పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళండి, వాళ్ళ బెల్టులు పెట్టి చూడండి, పట్టా ఎత్తి చూడండి. నచ్చకపోతే "ఇది వద్దండీ" అని మొహమాటపడకుండా చెప్పండి. పాత కార్లు ఇంకా చాలా దొరుకుతాయి.