హజ్ మార్గమున సహనసాధన

ఖమ్మము, భద్రాచల ప్రాంతముల ముస్లిము సోదరులు హజ్ యాత్రకై నాంపల్లి హజ్ హౌస్ మీదుగా శంషాబాదున విమానమెక్కుదురు. గోదావరి తీరపు వేసవి నెరిగినవారికి ఎండ క్రొత్త కాదు; అయినను 2024లో మక్కాలో వేడిమి 50 డిగ్రీలు దాటి, వెయ్యిమందికి పైగా యాత్రికులు మరణించిరి.

ఈ యాత్రలో కుట్టులేని రెండు వస్త్రములు ధరించిన పురుషులలో ధనికుడెవరో, కూలి యెవరో తెలియదు. యాత్రికులు అరఫాత్ మైదానమున పగలెల్ల ప్రార్థించి, ఆ రాత్రి ముజ్దలిఫాలో ఆరుబయట నేలపై శయనించి, చిన్న గులకరాళ్ల నేరుకొందురు. ఇన్ని కష్టముల నడుమ నొక నియమము: కలహింపరాదు. అవును, కలహింపరాదు. త్రోపులాటలో కాలు త్రొక్కినవానిని క్షమించి, తన నీటిసీసాను అలసిన వృద్ధునకందించు ఆ సాధనయే మనిషిని పెంచునని నా దృఢవిశ్వాసము.

వెళ్లనున్నవారు గొడుగును, నీటిని మరువకుడు. తోడి వృద్ధులను విడువకుడు.