ఇరవై రూపాయల క్రూయిజ్ కంట్రోల్
(స్వర్ణోత్సవాల సందర్భంగా పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నిర్వాహకులు నన్ను సాంకేతిక ప్రగతి మీద మాట్లాడమన్నారు. అంత పెద్ద మాట నావల్ల కాదు. మనలో చాలామంది ఇవాళ బైకుల మీదే వచ్చారని గేటు దగ్గర చూశాను. యాభై దాటినవాళ్లం గంటసేపు హైవే మీద బండి నడిపితే కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. దాని సంగతి మాట్లాడదాం.

యాక్సిలరేటర్ కేబుల్ అవతలి కొసన ఒక స్ప్రింగు ఉంటుంది. గ్రిప్పును అది ఎప్పుడూ వెనక్కి లాగుతూనే ఉంటుంది. మనం దానితో గంటల తరబడి కుస్తీ పడుతుంటాం. పైగా సింగిల్ సిలిండర్ ఇంజను వణుకు. ఎడమచేతిని కాసేపు తీసి విదిలించుకోవచ్చు, కుడిచేతికి ఆ అదృష్టం లేదు. అలాగని స్ప్రింగును తిట్టుకోకండి. చెయ్యి జారినా, మనిషి పడిపోయినా ఇంజను నెమ్మదించేది దానివల్లే. దాన్ని సాగదీసి మెత్తబరచమని మాత్రం ఏ మెకానిక్కునూ అడక్కండి.

కార్లలో ఈ బాధ తీర్చినవాడు రాల్ఫ్ టీటర్ అనే అమెరికన్ ఇంజనీరు. చిన్నప్పుడే చూపు పోయినవాడు. కారు కుదుపుల్లేకుండా ఒకే వేగంతో పోవడం ఎంత సుఖమో, పక్క సీట్లో కూర్చునే ఆయనకు మనకన్నా బాగా తెలుసు. 1950లో పేటెంటు వచ్చింది, 1958లో క్రైస్లర్ కార్లలోకి ఎక్కింది. ఇప్పుడు మన దేశంలో 125 సీసీ బండికి కూడా కంపెనీవాళ్లే దాన్ని బిగించి ఇస్తున్నారు. పాత బండి ఉన్నవాళ్ల మాటేమిటి? వాళ్లకు రెండు దారులున్నాయి.

మొదటిది అరచేతి పట్టీ. గ్రిప్పుకు తొడిగే చిన్న ప్లాస్టిక్ రెక్క. వేళ్లతో బిగించి పట్టుకునే బదులు అరచేతి మడమతో దాన్ని నొక్కి ఉంచితే చాలు. చెయ్యి తీస్తే గ్రిప్పు తనంతట తాను వెనక్కి పోతుంది. నన్నడిగితే చాలామందికి ఇదే సరిపోతుంది. మలుపుల్లో, ఊళ్లలో మాత్రం రెక్కను పక్కకు తిప్పుకోవాలి. లేకపోతే బ్రేకు వేసే తొందరలో చెయ్యి తగిలి బండి ముందుకు దూకుతుంది.

రెండోది ఓ-రింగు. బోరు మోటార్ల సామాన్లు, హైడ్రాలిక్ సామాన్లు అమ్మే కొట్లో పది, ఇరవై రూపాయలకు దొరుకుతుంది. గ్రిప్పు చివరకూ, హ్యాండిల్ కొసన ఉండే ఇనుప బరువుకూ మధ్య సన్నని సందు ఉంటుంది. రింగును గ్రిప్పు చివర తొడిగి ఉంచి, కావలసినప్పుడు బొటనవేలితో ఆ సందులోకి దొర్లించాలి. తిరిగే గ్రిప్పుకూ తిరగని బరువుకూ మధ్య రాపిడి పుడుతుంది. ఆ రాపిడి స్ప్రింగు లాగే బలం కన్నా కాస్త ఎక్కువగా, మన మణికట్టు బలం కన్నా చాలా తక్కువగా ఉండాలి. కిటుకంతా ఇందులోనే ఉంది. రింగు మందం మరీ ఎక్కువైతే గ్రిప్పు పట్టేస్తుంది. అందుకని రెండు మూడు మందాలవి తెచ్చుకుని, ఇంజను ఆపి, బండి సెంటర్ స్టాండు మీద ఉండగా చూసుకోండి. రింగు సందులో ఉన్నప్పుడు గ్రిప్పు నిలవాలి, కానీ రెండు వేళ్లతో తిప్పితే పూర్తిగా మూసుకోవాలి. రింగు బయట ఉన్నప్పుడు టక్కున వెనక్కి కొట్టాలి. హ్యాండిల్‌ను ఎడమకూ కుడికీ పూర్తిగా తిప్పి కూడా చూడండి. కొన్ని బండ్లకు గ్రిప్పు రబ్బరు హ్యాండిల్ కొసను మూసేసి ఉంటుంది, కొస బరువే ఉండదు. వాటికి ఈ ఉపాయం పనికిరాదు, పట్టీయే గతి.

సైన్సు మాస్టార్లు ముందు వరసలోనే ఉన్నారు కనుక భయపడుతూనే ఒక మాట చెబుతాను. ఈ రింగు వేగాన్ని పట్టి ఉంచదు, గ్రిప్పును మాత్రమే పట్టి ఉంచుతుంది. చదును రోడ్డు మీద రెండూ ఒకటే అనిపిస్తాయి. కారణం గాలి. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది కాబట్టి బండి కాస్త ఉరికితే గాలే దాన్ని అదుపులో పెడుతుంది. ఎత్తు వచ్చిందంటే బండి నీరసిస్తుంది, పల్లం వస్తే ఉరుకుతుంది. అసలైన క్రూయిజ్ కంట్రోల్ చక్రం వేగాన్ని కొలిచి, తేడా వస్తే ఇంజనును సరిచేస్తుంది, బ్రేకు తాకగానే తప్పుకుంటుంది. రింగుకు ఆ తెలివి లేదు. వెనక బ్రేకు తొక్కినా అది వదలదు. క్లచ్చు పట్టారా, బరువు తగ్గి ఇంజను గోల పెడుతుంది. ముందు గ్రిప్పు మూయాలి, తర్వాతే మిగతావి. కుడి బొటనవేలి దగ్గరుండే ఎర్ర స్విచ్చు ఎక్కడుందో చూడకుండా తడిమి నొక్కడం అలవాటు చేసుకోండి.

అందుచేత హైదరాబాదు–విజయవాడ రోడ్డులాంటి చోట, అదీ ఖాళీగా, పొడిగా ఉన్నప్పుడే రింగును సందులోకి దొర్లించండి. దొర్లించాక కూడా చెయ్యి గ్రిప్పు మీదే ఉండాలి. మన హైవేలు హైవేలు మాత్రమే కావు కదా! డివైడరు సందులోంచి గేదెలొస్తాయి, రాంగ్ రూటులో ట్రాక్టరొస్తుంది. ఎండకు రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తే రింగు మార్చేయండి, ఇరవై రూపాయలకు చూసుకోకండి.

ఇక పిల్లలకు. పొద్దున ఇద్దరు పదో తరగతి అబ్బాయిలు నా దగ్గరకొచ్చి, సర్వో మోటారు, ఆర్డునో బోర్డు పెట్టి నాన్న బండికి అసలైనదే చేస్తామన్నారు. ఆలోచన బాగుంది. వాళ్లనొకటి అడిగాను. చక్రం దగ్గర వేగం కొలిచే తీగ తెగిందనుకోండి, మీ బోర్డుకు ఏం తెలుస్తుంది? వేగం సున్నా అని తెలుస్తుంది. అప్పుడు ఏం చేస్తుంది? ఒకడు తటపటాయించి, "ఫుల్ రేజ్ ఇస్తుంది సార్" అన్నాడు. ఆ ఒక్క జవాబుకే వాడికి నూటికి తొంభై వేస్తాను. తీగ తెగినా, కరెంటు పోయినా, బోర్డు మొరాయించినా గ్రిప్పు మూసుకునేలా చేయడమే ఆ పనిలో సగం. అది తేలేదాకా నాన్న బండి జోలికి వెళ్లకండి. చిన్న మోటారుకు ఫ్యాను రెక్క తగిలించి, దాని వేగాన్ని నిలబెట్టండి. రెక్కకు అట్టముక్క అడ్డం పెట్టి గాలిని ఆపండి, తీగ మీరే పీకండి, ఏమవుతుందో రాసుకోండి. రాసింది నాకు పంపితే చూసి చెబుతాను.

సైన్సు గదిలో పాత హ్యాండిల్ ఒకటి స్ప్రింగుతో సహా బల్లకు బిగించి ఉంచాను. మూడు మందాల రింగులు, ఒక పట్టీ పక్కనే ఉన్నాయి. భోజనాలయ్యాక రండి, ఎవరి మణికట్టుకు ఏది కుదురుతుందో తిప్పి చూద్దాం.