ముసుగు, తలపాగా – మన ఆరాధన
(నర్సీపట్నం విచారణలో చేసిన ప్రసంగ పాఠము)



ఆదివారం దేవాలయ గడప దాటేటప్పుడు మన మగవారు తలకు చుట్టిన తువ్వాలు తీసి భుజాన వేసుకుంటారు. మన స్త్రీలు చీరచెంగు తలమీద కప్పుకుంటారు. తరతరాలుగా వస్తున్న అలవాటు కనుక దీని అర్థమేమిటని మనం అడగము. ఈ శతవత్సర సందర్భంలో ఒకసారి ఆలోచించుకుందాం.

నిర్గమకాండము 28వ అధ్యాయంలో అహరోనుకు సన్ననారతో పాగా చేయించమని దేవుడు మోషేకు ఆజ్ఞాపించాడు. ఆ పాగాకు బంగారు రేకును నీలిదారంతో కట్టాలి. అది అహరోను గొప్పతనానికి గుర్తు కాదు. ప్రజల దోషాలను తాను భరిస్తూ దేవుని సన్నిధిలో నిలిచేవాడని దాని అర్థం. నేడు మన పీఠాధిపతులు శిరోభూషణం ధరిస్తారు. అయితే దివ్యబలిపూజలో ప్రధాన ప్రార్థన వేళ దానినీ, దాని లోపలి చిన్న టోపీనీ కూడా తీసివేస్తారు. దేవుని యెదుట పీఠాధిపతి తల సైతం బోడితలయే!

మన పల్లెలలో తలగుడ్డకు మరొక చరిత్ర ఉన్నది. ఒకప్పుడు కూలివాడు భూకామందు ఎదురుపడితే తలపాగా విప్పి నడుముకు బిగించుకోవలసి వచ్చేది. అది భయంతో చేసిన పని. దేవాలయంలో కామందూ, కూలీ ఒకే గడపలో తలగుడ్డ తీస్తారు. అది భక్తితో చేసే పని. మనిషి ముందు వంచిన తలను దేవుడు తన ముందు నిలబెట్టి గౌరవించాడు.

ముసుగు సంగతీ అంతే. తెలుగునాట కొన్ని కులాలలో భర్త పోయిన స్త్రీకి శిరోముండనం చేయించి, ముసుగు వేసి, శుభకార్యాలకు దూరంగా ఉంచేవారు. ఆ దురాచారాన్ని ఎదిరించి కందుకూరి వీరేశలింగంగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారు. దేవాలయంలోనైతే కన్యలు, ముత్తైదువలు, వితంతువులు అందరూ ఒకే తీరున చెంగు కప్పుకుని ఒకే వరుసలో దివ్యసత్ప్రసాదం స్వీకరిస్తారు. బయట వేరుచేసిన ముసుగు లోపల కలుపుతున్నది.

1917 నాటి తిరుసభ చట్టం స్త్రీలు దేవాలయంలో తల కప్పుకోవాలని, పురుషులు తలపై ఏమీ లేకుండా ఉండాలని చెప్పింది. 1983లో వచ్చిన కొత్త చట్టంలో ఆ నియమం లేదు. కనుక నేడు మన ముసుగు చట్టానికి లోబడినది కాదు, ప్రేమతో నిలుపుకున్న సంప్రదాయం. అందుకే దాని విలువ పెరిగింది.

కాని ఒక మాట మనలో మనం చెప్పుకోవాలి. పట్నంలో చదువుకుని వచ్చిన అమ్మాయి తల కప్పుకోలేదని గడపలోనే గద్దించే పెద్దలు మనలో ఉన్నారు. వారు పునీత పౌలుగారు కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖ 11వ అధ్యాయాన్ని చూపుతారు. ముసుగు మాట అందులో ఉన్నది, నిజమే. అయితే అదే అధ్యాయంలో, ప్రభువునందు పురుషుడు లేక స్త్రీ లేదు, స్త్రీ లేక పురుషుడు లేడు అనే బోధ కూడా ఉన్నది. ఇంకా క్రిందికి చదివితే, ప్రభువు భోజనానికి కూడినప్పుడు కలిగినవారు ముందుగా తిని, లేనివారిని ఆకలితో ఉంచి సిగ్గుపరచినందుకు అపొస్తలుడు ఎంత కటువుగా మందలించాడో కనిపిస్తుంది. అధ్యాయం పైసగం చదివి క్రిందిసగం మూసివేయడం మనకు తగదు. తల కప్పుకోని బిడ్డను చూచిన కన్ను, వెనుక గోడవార నిలుచున్న పేదవానిని కూడా చూడాలి.

అమ్మలారా, మీ ముసుగును విడువకండి. మీ కుమార్తెలకు దాని అర్థం చెప్పండి. అర్థం తెలిసిన బిడ్డ తానే కప్పుకుంటుంది. కప్పుకోకున్నా ఆమె మన బిడ్డే, ప్రక్కన చోటిచ్చి కూర్చోబెట్టుకోండి. అయ్యలారా, తలగుడ్డతోపాటు కులం, ఆస్తి, పంతం కూడా గడప వద్దనే దింపుదాం. తిరిగి వెళ్ళేటప్పుడు తలగుడ్డ ఒక్కటే చుట్టుకుని వెళదాం.

సర్వేశ్వరుడు మన అందరి తలలపై తన చేయి ఉంచి దీవించునుగాక. ఆమెన్.