సహాయ పాత్రధారి క్లాడ్ రెయిన్స్

పాఠశాల సాహిత్య సంఘ సమావేశమున ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము



నాటకమున నాయకుడొక్కడే యుండడు. రాజున్నచోట మంత్రి యుండును, సేనాని యుండును, వార్త తెచ్చు దూత యుండును. కథ నడచుటకు వీరందరును కావలయును. కాని ప్రదర్శనము ముగిసిన పిమ్మట జనుల నోట మిగులునది నాయకుని పేరే. చలనచిత్రములందును ఇదే రీతి. గోడలపై నంటించు ప్రకటనలలో నాయికా నాయకుల ముఖములు పెద్దవిగ నుండును. తక్కినవారి పేర్లు అడుగున చిన్న యక్షరములతో నుండును. ఈ చిన్న యక్షరములవారిలో కొందరు తమ రూపముచేత గాక, తాము ధరించిన మనుష్యుని గుణమును చూపుటచేత మెప్పు పొందుదురు. వారిని క్యారెక్టర్ నటులందురు. అట్టివారిలో అగ్రగణ్యుడగు బ్రిటిష్ నటుడు క్లాడ్ రెయిన్స్‌ను గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిని.

ఇతని పూర్తి పేరు విలియం క్లాడ్ రెయిన్స్. 1889వ సంవత్సరము నవంబరు 10వ తేదీన లండన్ నగరమున, థేమ్సు నదికి దక్షిణపు పేటలలో జన్మించెను. తండ్రియగు ఫ్రెడ్ రెయిన్స్ కూడ నటుడే. అయినను ఇంట కలిమి లేదు. బాలునకు బడి చదువు స్వల్పముగనే యబ్బెను. దానికితోడు మాటలో రెండు చిక్కులుండెను. మొదటిది లండన్ పేదవాడల యాస. దానిని కాక్నీ యందురు. పదము మొదటనున్న హకారమును మ్రింగివేయుట ఆ యాస లక్షణములలో నొకటి. రెండవ చిక్కు రకారము నోట పలుకకపోవుట. ఇంటిపేరే రకారముతో మొదలగును గదా! 'రెయిన్స్' అనబోయి 'వెయిన్స్' అనుచుండెడివాడట. తన పేరును తానే సరిగ చెప్పుకొనలేని బాలుడు రంగస్థలమును కోరుట ఎంత సాహసమో మీరే యూహింపుడు.

పదేండ్ల ప్రాయముననే, 1900లో, ఇతడు ఒక నాటకమున గుంపులో నొకడుగ రంగమెక్కెను. పిమ్మట లండన్‌లోని హిజ్ మెజెస్టీస్ థియేటరున చిన్న కొలువు దొరకెను. వేషధారులున్న గదుల కడకు పోయి, వారి ప్రవేశమునకు వేళయైనదని పిలిచి చెప్పుట అతని పని. తరువాత, మాట మరచిన నటునకు తెరచాటునుండి అందించు పని లభించెను. నాటక మంతయు ప్రతి రాత్రియు వినుట, గొప్ప నటుల పలుకు తీరును దగ్గరనుండి కనిపెట్టుట, అతనికి బడి చదువైనది.

ఆ రంగశాల అధిపతి సర్ హెర్బర్ట్ బీర్‌బోమ్ ట్రీ. 1904లో లండన్‌లో నటనా విద్యాలయమును నెలకొల్పిన మహనీయుడాయనయే. ఈ కుర్రవానిలోని పసను ఆయన గుర్తించెను. నోరు తిరుగని వానికి రంగస్థలమేల యని వెడలగొట్టలేదు. ఉచ్చారణ శిక్షణమునకు కావలసిన సొమ్మును తానే యిచ్చెను. రెయిన్స్ పట్టుదలతో సాధన చేసెను. కాలక్రమమున ఆ నోటనే, తేనెలో నానినట్లు మెత్తగను, అవసరమైన చోట కత్తివలె వాడిగను నుండు ఒక అపూర్వ కంఠస్వరము వెలువడెను.

మొదటి ప్రపంచ యుద్ధము రాగా ఇతడు సైన్యమున చేరెను. ఫ్రాన్సులో వీమీ దగ్గర విషవాయువు సోకి ఒక కంటిచూపు దాదాపు పూర్తిగ పోయెను. సామాన్య సిపాయిగ చేరినవాడు యుద్ధాంతమునకు కెప్టెను పదవిని పొందెను. యుద్ధానంతరము లండన్ రంగస్థలమున మంచి పేరు గడించి, ట్రీ స్థాపించిన ఆ విద్యాలయముననే బోధకుడయ్యెను. తరువాతి కాలమున జగత్ప్రసిద్ధులైన జాన్ గీల్‌గుడ్, చార్లెస్ లాటన్ అతని శిష్యులలోనివారు. రకారము పలుకని బాలుడు ఇంగ్లండు మహానటులకు పలుకు నేర్పిన గురువయ్యెను!

1920లో ఒక మూగచిత్రమున నటించుట తప్ప చాలకాలము వరకు ఇతనికి చలనచిత్రములతో సంబంధము లేదు. 1920 దశకము చివరి భాగమున అమెరికాకు పోయి న్యూయార్కు రంగస్థలముపై స్థిరపడెను. హాలీవుడ్ వారు చేసిన ఒక పరీక్షలో నెగ్గలేదు. కాని ఆ పరీక్షలో వినవచ్చిన కంఠము ఆంగ్ల దర్శకుడగు జేమ్స్ వేల్‌ను ఆకర్షించెను. ఎచ్.జి. వెల్స్ 1897లో ప్రకటించిన 'ది ఇన్విజిబుల్ మ్యాన్' అను నవలను ఆయన చిత్రముగ తీయ సంకల్పించియుండెను. అందలి ముఖ్యపాత్ర కంటికి కనబడని శాస్త్రజ్ఞుడు. అట్టి పాత్రకు ముఖముతో పనియేమి? కంఠమే కావలయును.

ఈ చిత్రము 1933లో విడుదల యయ్యెను. అప్పటికి రెయిన్స్ నలుబదియేండ్లు దాటినవాడు. చిత్రమంతట అతడు కట్లు కట్టిన తలతోనో, ఏమియు లేని శూన్యముగనో కనబడును. ముఖము కనబడునది కడపట, మరణించిన పిమ్మట, కొలది క్షణములు మాత్రమే. శూన్యమునుండి వచ్చు ఆ మాటలలో గర్వము, ఉన్మాదము, జాలి వేరువేరుగ వినబడును. ముఖము చూపకయే ఒక నటుడు లోకమున పేరు పొందుట బహుశః మరియొకచోట లేదు.

పిమ్మట వార్నర్ సోదరుల సంస్థ చిత్రములలో పెక్కు వేషములు ధరించెను. 1938 నాటి రాబిన్ హుడ్ చిత్రమున ఇతడు దుష్టుడైన జాన్ రాకుమారుడు. కేకలు వేయడు, మీసము దువ్వడు. నవ్వుచునే అన్యాయపుటాజ్ఞ లిచ్చును. చూచువారికి అందువలననే భయము కలుగును.

సహాయ పాత్రలకు అకాడమీ బహుమానమున కితని పేరు నాలుగుమారులు సూచింపబడెను. ఆ నాలుగు పాత్రలను పరిశీలించిన ఇతని విద్య తేటతెల్లమగును.

మొదటిది 1939 నాటి 'మిస్టర్ స్మిత్ గోస్ టు వాషింగ్టన్'. దర్శకుడు ఫ్రాంక్ కాప్రా. జేమ్స్ స్టువర్టు ధరించిన స్మిత్ అను యువకుడు శాసనసభ్యుడై అవినీతి నెదిరించును. అతనిపై అబద్ధపు నేరము మోపువాడు, ఆ యువకుడు తండ్రివలె పూజించిన పేన్ అను పెద్దమనిషి. ఆ పాత్ర రెయిన్స్‌ది. స్మిత్ దాదాపు ఒక దినమంతయు నిలువుకాళ్లపై ప్రసంగించుచుండ, పేన్ ముఖమున సిగ్గు కొంచెము కొంచెముగ పైకి వచ్చును. తుదకు అంతరాత్మ బాధ భరింపలేక తన నేరమును సభలో తానే యొప్పుకొనును. గెలిచినవాడు స్మిత్, కాని ఆ గెలుపు సిద్ధించినది పేన్ మనస్సు మారుటవలననే.

రెండవది 1942 నాటి 'కాసాబ్లాంకా'. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున జర్మనీకి లోబడిన విషీ ప్రభుత్వము క్రింద మొరాకోలో పనిచేయు ఫ్రెంచి పోలీసు అధికారి కెప్టెన్ రెనో పాత్ర యది. లంచగొండి. ఎటు గాలి వీచిన అటు మొగ్గువాడు. విశ్రాంతిశాలలో జూదము జరుగుచున్నదని ఆశ్చర్యము నటించి మూసివేయించును. ఆ క్షణముననే అక్కడి నౌకరు అతడు జూదమున గెలిచిన సొమ్ము తెచ్చి చేతికిచ్చును! ఇట్టివాడు కడపట విమానాశ్రయమున నాయకుని రక్షించును. విషీ పేరుగల నీటి సీసాను చెత్తబుట్టలో పడవేసి కాలితో తన్నును. ఒక్క మాట పలుకకయే ఆ మనుష్యుడు ఏ పక్షమున చేరెనో తెలిసిపోవును.

మూడవది 1944 నాటి 'మిస్టర్ స్కెఫింగ్టన్'. ఇందు ఇతడు యూదుడగు ధనికుడు. సౌందర్యగర్వముగల భార్య పాత్రను బెట్టీ డేవిస్ ధరించెను. వారు విడిపోయిన పిమ్మట అతడు జర్మనీలో నాజీల నిర్బంధ శిబిరమున యాతన లనుభవించి, గ్రుడ్డివాడై తిరిగి వచ్చును. అప్పటికామె రోగముచేత అందము కోల్పోయియుండును. చూపులేని భర్త మనస్సున మాత్రము ఆమె యెన్నటికిని సుందరియే. యుద్ధమున కంటిచూపు పోగొట్టుకొనిన నటుడే ఈ పాత్రను ధరించెనని యెరిగి చూచిన, ఆ సన్నివేశము మరింత హృదయమున నాటును.

నాల్గవది 1946 నాటి 'నొటోరియస్'. దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్. బ్రెజిల్‌లో దాగిన నాజీల కుట్రలో పాల్గొను సెబాస్టియన్ అనువాడు ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ ధరించిన యువతిని మనసార ప్రేమించి పెండ్లాడును. ఆమె శత్రుపక్షపు గూఢచారిణి యని పిమ్మట తెలియును. తల్లికి భయపడును, తోటివారికి భయపడును, అయినను భార్యపై ప్రేమ చావదు. తల్లిగ నటించిన లియోపోల్డీన్ కాన్‌స్టాంటిన్ వాస్తవమున ఇతనికంటె మూడేండ్లు మాత్రమే పెద్దది. అయినను ఆమె యెదుట ఇతడు పసివాడై కనబడును. కడపట నాయకుడు ఆ యువతిని కారులో కొనిపోవగా, సెబాస్టియన్ తన్ను చంపనున్న సహచరుల పిలుపు విని మెట్లెక్కి ఇంటిలోనికి పోవును. తలుపు మూతపడును. దుర్మార్గుడైనను అతనిపై మనకు జాలి కలుగును.

ఈ నాలుగింట ఒక్కమారును బహుమానము ఇతనికి రాలేదు. 1946 చిత్రములకు ఈ బహుమానము పొందినవాడు యుద్ధసేవలో నుండగా రెండు చేతులు పోగొట్టుకొనిన హెరాల్డ్ రసెల్. రెయిన్స్ తన పనిని తాను మానలేదు. 1945లో బెర్నార్డ్ షా నాటకము చిత్రమైనపుడు సీజరుగ నటించెను. 1951లో న్యూయార్కు రంగస్థలముపై 'డార్క్‌నెస్ ఎట్ నూన్' నాటకమునకు ఉత్తమ నటునిగ టోనీ బహుమానము నందెను. అప్పటికి అతని వయస్సు 61 సంవత్సరములు. 1962 నాటి 'లారెన్స్ ఆఫ్ అరేబియా'లో డ్రైడెన్ అను చతురుడైన బ్రిటిష్ అధికారిగ కనబడెను. మన దేశపు నటుడగు ఐ.ఎస్. జోహర్ కూడ ఆ చిత్రముననే ఒక పాత్ర ధరించెను. 1965 నాటి 'ది గ్రేటెస్ట్ స్టోరీ ఎవర్ టోల్డ్'లో హెరోదు రాజుగ నటించుట అతని తుది చిత్రవేషము. 1967 మే 30వ తేదీన అమెరికాలోని న్యూహ్యాంప్‌షైర్ రాష్ట్రమున 77 ఏండ్ల వయస్సున మరణించెను.

విద్యార్థులారా! ఈ నటుని జీవితమును మీ ముందుంచుటకు కారణము కలదు. వార్షికోత్సవ నాటకమునకు వేషములు పంచునపుడు ఏ పాఠశాలలోనైనను ఇద్దరు బాలురు కనబడుచుందురు. ఒకడు రాజవేషము రాలేదని అలుగును. మరియొకడు నోరు తిరుగదని, నత్తియని, తోటివారు నవ్వుదురని, ఏ వేషమును కోరక వెనుక బల్లపై కూర్చుండును. మొదటివాని అలుక రెండు దినములలో తీరును. రెండవవాని మౌనము కొన్ని సమయముల జీవితాంతము నిలిచిపోవును. నాకు దిగులు ఈ రెండవవానిని గూర్చియే.

ఇంటి యాస తప్పని నా భావము కాదు. కాక్నీ మాటాడువారు తెలివి తక్కువవారు కారు. పెక్కు పాత్రలు ధరించు నటునకు ఒక్క పలుకుబడి చాలదు గనుక రెయిన్స్ మరియొకటి నేర్చెను. మన పిల్లలు వీధిలో ఒక భాషను, ఇంట ఒక తెలుగును, పుస్తకమున మరియొక తెలుగును పలుకవలసినవారు. నేను దీనిని కొరతగ భావింపను. ఒకనికి మూడు పలుకుబడులు వచ్చుట సంపదయే. అయితే ప్రతిదానిని స్ఫుటముగ పలుకుటకు దినమునకు పావుగంటయైనను గట్టిగ చదువవలయును. శకార షకారములు, లకార ళకారములు తమంత తాముగ నాలుకపైకి రావు.

ఉపాధ్యాయులకు నా మనవి యొకటి. ట్రీ వంటి రంగాధిపతి ఒక పిలుపు కుర్రవాని నోటిని వినిపించుకొనెను. అతడు తప్పు పలికినది వినుటయేగాక, సరిగ పలికిన దెట్లుండగలదో యోచించెను. మనకు అతని ధనము లేదు; చెవులు కలవు. చదువునపుడు తడబడు పిల్లవానిని మధ్యలో కూర్చుండబెట్టక, వాక్యము ముగియువరకు ఓపికతో వినుటకు ఖర్చేమియు లేదు.

 రేపటినుండి ఉదయ ప్రార్థనానంతరము దినమున కొక విద్యార్థి ఒక పుట గద్యము బిగ్గరగ చదువు ఏర్పాటు మొదలగును. ముందుగ పేరిచ్చువారు వెనుక బల్లలవారు కావలెనని నా కోరిక.