మన లాగ్‌బుక్, మన కంప్యూటర్: స్థాపనలో వచ్చే చిక్కులు, వాటి పరిష్కారం



బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లోనూ, దగ్గరలోని బోద్రీలోనూ ఉంటున్న తెలుగు కుటుంబాల పిల్లలకు ట్రైన్ రిజిస్టర్ గురించి వేరే చెప్పనక్కరలేదు. స్టేషన్ మాస్టర్ బల్ల మీద ఉండే ఆ పుస్తకంలో, బండి ఏ నిమిషానికి వచ్చింది, ఏ నిమిషానికి వెళ్లింది అన్నది వెంటనే రాయాలి. తప్పు పడితే చెరిపెయ్యకూడదు. గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొడి సంతకం చెయ్యాలి. ఎందుకంటే రేపు ఏదైనా విచారణ వస్తే సాక్ష్యం చెప్పేది ఆ పుస్తకమే.

హామ్ రేడియో నడిపేవారికి అలాంటి పుస్తకమే లాగ్‌బుక్. తేదీ, సమయం, ఫ్రీక్వెన్సీ, అవతలి వ్యక్తి కాల్ సైన్, సిగ్నల్ ఎలా వినిపించింది అన్న వివరాలు అందులో ఉంటాయి. ఈ నమోదుకు ఎంత విలువ ఉందో ఒక సంఘటన చెబుతుంది. 1983లో ఏర్పడిన హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున, శ్రీమతి భారతి ప్రసాద్ 2004 డిసెంబరులో ఒక బృందంతో అండమాన్ వెళ్లారు. నేడు శ్రీ విజయపురం అని పిలుస్తున్న పోర్ట్‌బ్లెయిర్ నుంచి వీయూ4ఆర్‌బీఐ అన్న కాల్ సైన్‌తో ప్రపంచ దేశాల హామ్‌లతో మాట్లాడుతుండగా, డిసెంబరు 26న సునామీ వచ్చింది. టెలిఫోన్లు పనిచెయ్యని ఆ సమయంలో ఎవరు క్షేమమో, ఎవరి కోసం ఎవరు వెతుకుతున్నారో అన్న కబుర్లు రేడియో మీద నడిచాయి. అలాంటప్పుడు ఏ కబురు ఎప్పుడు, ఎవరికి అందింది అన్నదానికి ఆధారం నమోదు ఒక్కటే. అది తప్పయితే, ఒక కుటుంబానికి అందవలసిన మాట తప్పుగా అందుతుంది.

ఇప్పుడు ఈ లాగ్‌బుక్‌ను మన ఇంటి కంప్యూటర్‌లోనే పెట్టుకుని బ్రౌజర్‌లో నడుపుకోవచ్చు. పీటర్ గుడ్‌హాల్ రూపొందించిన క్లౌడ్‌లాగ్, దాని నుంచి చీలి వచ్చిన వేవ్‌లాగ్ ఇందుకు ఉదాహరణలు. రెండూ ఉచితం, మూలకోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది. అయితే స్థాపించేటప్పుడు చాలామంది ఒకచోట చిక్కుకుని వదిలేస్తుంటారు. ఆ చిక్కులను వరుసగా ఎలా విప్పాలో ఈ పాఠంలో నేర్చుకుందాం.

1. నాలుగు అంతస్తులు

ఈ లాగ్‌బుక్ నాలుగు అంతస్తుల ఇల్లు. అడుగున లినక్స్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్. దాని మీద అపాచీ వంటి వెబ్ సర్వర్. బ్రౌజర్ అడిగిన పేజీని అందించేది ఇదే. ఆపైన పీహెచ్‌పీ, లాగ్‌బుక్ ప్రోగ్రాము ఈ భాషలోనే ఉంటుంది. నాలుగోది మైఎస్‌క్యూఎల్ లేదా మరియాడీబీ డేటాబేసు. మన నమోదులన్నీ దాచేది ఇది.

చిక్కు వచ్చినప్పుడు మొదటి ప్రశ్న: తప్పు ఏ అంతస్తులో ఉంది? బండి ఆగిపోతే ముందు సిగ్నల్ చూస్తారు, తర్వాత పట్టా, తర్వాత ఇంజను. అన్నీ ఒకేసారి విప్పరు. మనం కూడా ఒకసారికి ఒకటే మార్చి, ఫలితం చూసి, కాగితం మీద రాసుకోవాలి. మూడు మార్పులు ఒకేసారి చేస్తే, ఏది పనిచేసిందో మనకే తెలియదు.

2. తెల్ల పేజీ

బోద్రీలో ఉండే ఒక విద్యార్థిని, చిన్న రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్‌లో లాగ్‌బుక్ పెట్టిందనుకుందాం. బ్రౌజర్ తెరిస్తే ఏమీ లేని తెల్ల పేజీ, లేదా 500 అన్న అంకె కనిపించింది. కంగారు పడనక్కరలేదు. ప్రోగ్రాములో తప్పు జరిగిందనీ, దాని వివరాన్ని సర్వర్ బయటివారికి చూపకుండా దాచుకుందనీ దీని అర్థం. ఆ వివరం అపాచీ ఎర్రర్ లాగ్ అన్న ఫైలులో ఉంటుంది. దాని చివరి ఇరవై వరుసలు చదవండి. చాలాసార్లు పీహెచ్‌పీకి కావలసిన అనుబంధం ఏదో లేదని అక్కడ కనిపిస్తుంది. మైఎస్‌క్యూఎల్, కర్ల్, ఎంబీస్ట్రింగ్, ఎక్స్ఎమ్ఎల్ అనుబంధాలను ముందుగా సరిచూసుకోండి. లేనిదాన్ని చేర్చాక వెబ్ సర్వర్‌ను ఒకసారి ఆపి మళ్లీ నడపాలి. ఇది మరచిపోతే, మందు వేసుకున్నా రోగం తగ్గలేదని అనుకుంటాం.

మొదటి పేజీ వచ్చి, లోపలి పేజీలన్నీ 404 చూపితే తప్పు వేరే. అపాచీలో రీరైట్ అన్న మాడ్యూల్ పనిచేస్తోందో లేదో చూడాలి. ఆ ఫోల్డరుకు సొంత నియమాలు వాడే అనుమతి ఇచ్చామో లేదో కూడా చూడాలి.

3. డేటాబేసు తలుపు తెరవకపోతే

ఇక్కడ వచ్చే సందేశాల్లోని అంకెలే మనకు దారి చూపుతాయి. 1045 వస్తే డేటాబేసు నడుస్తోంది కానీ, మనం ఇచ్చిన పేరో పాస్‌వర్డో తప్పు. 1049 వస్తే పేరు, పాస్‌వర్డు సరైనవే, ఆ పేరుతో డేటాబేసు లేదు. దాన్ని ముందుగా సృష్టించాలి. 2002 వస్తే అసలు డేటాబేసు సర్వరే దొరకలేదు. అది ఆగిపోయి ఉండవచ్చు, లేదా చిరునామా తప్పు ఇచ్చి ఉండవచ్చు. చూడండి, మూడూ తలుపు తెరవకపోవడమే. కానీ ఒకచోట తాళంచెవి తప్పు, ఒకచోట గది లేదు, ఒకచోట ఇల్లే కనబడలేదు. సందేశాన్ని పూర్తిగా చదివితే సగం పని అయినట్టే.

4. అనుమతులు

ఫైలు రాయలేకపోతున్నానని ప్రోగ్రాము చెబితే, అందరికీ అన్ని హక్కులూ ఇచ్చే 777 అనుమతి పెట్టమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఆ పని చెయ్యకండి. ఇంటి తాళం పాడైందని తలుపు పీకి పక్కన పెట్టినట్టు ఉంటుంది. డెబియన్ కుటుంబపు లినక్స్‌లో వెబ్ సర్వర్ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా అన్న పేరుతో పనిచేస్తుంది. ప్రోగ్రాము రాయవలసిన ఫోల్డర్లు ఏవో, అంటే సెట్టింగులు, బ్యాకప్, అప్‌లోడ్ వంటివి, వాటికి మాత్రమే ఆ పేరుకు రాసే హక్కు ఇస్తే చాలు.

స్థాపన పూర్తయ్యాక మరో రెండు పనులున్నాయి. ఇన్‌స్టాల్ ఫోల్డరు మిగిలి ఉంటే తీసెయ్యాలి. ప్రోగ్రాముతో పాటు వచ్చిన పేరు, పాస్‌వర్డు ఉంటే వెంటనే మార్చాలి. అవి అందరికీ తెలిసినవే కదా!

5. నాన్నగారి ఫోనులో రావడం లేదు

కంప్యూటర్‌లో చక్కగా వచ్చే పేజీ, అదే ఇంట్లో ఫోనులో రాదు. కారణం లోకల్‌హోస్ట్ అన్న మాట. దాని అర్థం 'నేను' అని. మీ కంప్యూటర్ అంటే అది మీ కంప్యూటరే, నాన్నగారి ఫోను అంటే అది ఆ ఫోనే. కాబట్టి ఫోనులో సర్వర్ ఐపీ చిరునామా ఇవ్వాలి. లాగ్‌బుక్ సెట్టింగుల ఫైలులో ఉండే బేస్ యూఆర్‌ఎల్ కూడా అదే చిరునామాకు మార్చాలి. లేకుంటే మొదటి పేజీ వచ్చినా, లింకు నొక్కగానే దారి తప్పుతుంది. రౌటర్ ఆ చిరునామాను మార్చకుండా దానికి స్థిరంగా కేటాయించండి.

6. అన్నిటికన్నా ప్రమాదకరమైన తప్పు: సమయం

ఇంతవరకు చెప్పిన తప్పులు కంటికి కనబడతాయి. ఇది కనబడదు. హామ్‌లు నమోదులో వాడే ప్రపంచ సమయం యూటీసీ. మన సమయం దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందు ఉంటుంది. మే 5 తెల్లవారుజామున 2 గంటల 10 నిమిషాలకు మనం మాట్లాడితే, లాగ్‌బుక్‌లో మే 4, 20 గంటల 40 నిమిషాలు అని పడాలి. అంటే తేదీ కూడా మారుతుంది.

2003 నుంచి నడుస్తున్న లాగ్‌బుక్ ఆఫ్ ద వరల్డ్ అన్న సేవ, ఇద్దరి నమోదులూ 30 నిమిషాల తేడాలోపు ఉంటేనే సంభాషణ జరిగినట్టు ఒప్పుకుంటుంది. మీరు భారతీయ సమయం వేసి పంపితే ఒక్కటీ జత కలవదు. ఎర్రర్ సందేశం కూడా రాదు.

ఇందులో మరో మెలిక ఉంది. రాస్ప్‌బెర్రీ పై పాత మోడళ్లలో బ్యాటరీ గడియారం లేదు. ఐదో మోడల్‌లో గడియారం ఉన్నా, బ్యాటరీ విడిగా పెట్టాలి. కరెంటు పోయి, వచ్చి, ఇంటర్నెట్ మాత్రం రాకపోతే, ఆ కంప్యూటర్ తాను ఆగిపోయిన నాటి సమయం దగ్గర నుంచే లెక్క మొదలుపెడుతుంది. గమనించండి: కరెంటూ ఇంటర్నెట్టూ పోయేది తుఫానులోనే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకినప్పుడు జరిగింది అదే. లాగ్‌బుక్ ఎక్కువ అవసరమైన రోజునే దాని గడియారం అబద్ధం చెబుతుందన్నమాట. అందుకే చిన్న గడియారపు చిప్ ఒకటి అమర్చండి. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ చేతిగడియారంతో సరిచూడండి. పక్కన కాగితపు పుస్తకం కూడా ఉంచండి.

ఇప్పటికే తప్పు సమయాలు పడి ఉంటే? ముందు బ్యాకప్ తియ్యండి. తప్పు ఏ నమోదు నుంచి ఏ నమోదు వరకు ఉందో కాగితంతో పోల్చి గుర్తించండి. దిద్దుబాటు ముందుగా నకలు డేటాబేసులో చేసి, పది నమోదులు పరీక్షించాకే అసలుదానిలో చెయ్యండి. ఏం మార్చారో, ఎప్పుడు మార్చారో రాసి పెట్టండి. ట్రైన్ రిజిస్టర్‌లో పొడి సంతకం ఎందుకో ఇప్పుడు అర్థమైంది కదా!

7. తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలైతే

మిత్రుని పేరు తెలుగులో రాస్తే ప్రశ్నార్థకాలు వచ్చాయా? యూనికోడ్ యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. డేటాబేసు లాటిన్-1లో ఉంటే వాటికి చోటుండదు. మొదటి రోజే యూటీఎఫ్-8-ఎంబీ4 ఎంచుకోండి. ఒకసారి ప్రశ్నార్థకంగా దాచిన అక్షరం మళ్లీ తిరిగి రాదు. ఇంకొకటి: లాగ్‌బుక్‌లు ఒకదానికొకటి వివరాలు పంపుకునే ఏడీఐ ఫైలులో ఇంగ్లీషు అక్షరాలే చెల్లుతాయి. అందుకని బయటికి పంపే పేర్లను ఇంగ్లీషులోనే రాయడం మేలు.

8. బ్యాకప్

సొంత కంప్యూటర్‌లో పెట్టుకోవడమంటే కాపలా కూడా మనదే. కరెంటు హఠాత్తుగా పోతే మెమరీ కార్డు చెడిపోవచ్చు. వారానికోసారి డేటాబేసు నకలు, ఏడీఐ ఫైలు రెండూ తీసి, వేరే చోట దాచండి. కొత్త వెర్షన్ వేసే ముందు తప్పనిసరిగా తియ్యండి. నకలు తియ్యడంతో సరిపోదు. దాన్ని మరో కంప్యూటర్‌లో తెరిచి, నమోదుల సంఖ్య సరిపోయిందో లేదో చూడాలి. తెరిచి చూడని బ్యాకప్‌ను బ్యాకప్ అని లెక్కపెట్టవద్దు.

ముగింపు

ఈ రోజు ఏం నేర్చుకున్నాం? తప్పు ఏ అంతస్తులో ఉందో ముందు తేల్చుకోవాలి. సందేశాన్ని పూర్తిగా చదవాలి. ఒకసారికి ఒకటే మార్చాలి. కనబడని తప్పును, ముఖ్యంగా సమయాన్ని, మనమే వెతికి పట్టుకోవాలి.

ఇంటి దగ్గర చెయ్యవలసిన పని: రేడియో లైసెన్సు లేనివారు కూడా, మీ ఊరి స్టేషన్‌లో వారం రోజులు ఒకే బండి వచ్చిన సమయాన్ని నోటుపుస్తకంలో రాయండి. ప్రతి సమయం పక్కన యూటీసీలో దాని తేదీ, సమయం లెక్కకట్టండి. ఎన్ని రోజులు తేదీ మారిందో చూడండి. తప్పు పడితే చెరపకండి, గీత కొట్టి పక్కన రాయండి.